నక్షా చేతికొచ్చింది, అడంగల్ ఏది?

పెద్దలకు, తోటి వైద్యులకు, విద్యార్థులకు నమస్కారం.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం మత్తు డాక్టరు వార్డుకు వస్తారు. రోగి మంచం పక్కన నిలబడి కొన్ని ప్రశ్నలు వేస్తారు. ఉబ్బసం ఉందా? కట్టుడు పళ్ళున్నాయా? ఇంతకు ముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా? మన తెలుగు జిల్లాల్లో వీటితో పాటు ఒక్కోసారి ఇంకో ప్రశ్న కూడా వినిపిస్తుంది. “మీరు వైశ్యులా అండీ?”

విన్నవాళ్ళు నొచ్చుకుంటారు. ఆసుపత్రిలో కులం గోల ఎందుకని కోప్పడేవాళ్ళూ ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న వెనక ఒక మందు ఉంది, ఒక జన్యువు ఉంది, ఆ రెంటినీ కలిపి చూసిన మన డాక్టర్ల అనుభవం ఉంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ మందు పేరు సక్సినైల్‌కోలీన్. రోగికి మత్తిచ్చాక గొంతులో గొట్టం వేయాలంటే కండరాలు వదులు కావాలి. ఈ ఇంజెక్షన్ నిమిషంలో ఆ పని చేస్తుంది. ఐదు, పది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది కూడా. ఎలా పోతుందంటే, మన కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది. దాన్ని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అంటారు. ఈ ఎంజైము పనిచేయని మనిషి పుట్టి, పెరిగి, పిల్లల్ని కని, మనవల్ని ఆడించి, ఏ లోటూ తెలియకుండా నూరేళ్ళు బతకవచ్చు. ఆ ఇంజెక్షన్ పడిన రోజునే తేడా బయటపడుతుంది. ఆపరేషన్ అయిపోతుంది, మత్తు దిగుతుంది, కండరాలు మాత్రం గంటల తరబడి కదలవు. లోపల స్పృహ వస్తూ ఉంటుంది, ఊపిరి తీసుకునే శక్తి ఉండదు. సంగతి తెలిసిన డాక్టరైతే వెంటిలేటర్ తీయకుండా, మత్తు కొనసాగిస్తూ ఓపికగా కనిపెట్టుకుని ఉంటారు. రోగి క్షేమంగా లేచి కూర్చుంటాడు. తెలియని చోట ఆ గంటలు ఎలా గడుస్తాయో ఊహించండి.

ఈ లోపం వైశ్యుల్లో మిగతా వారికన్నా సుమారు 100 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కారణం జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. దానివల్ల ఎంజైములో 307వ చోట లూసిన్ అనే ఇటుక (ఆమైనో ఆమ్లం) ఉండాల్సింది పోయి ప్రోలిన్ అనే వేరే ఇటుక వచ్చి కూర్చుంటుంది. ఆ సమూహానికి మూలమైన మనుషులు చాలా తరాల కిందట కొద్దిమందే. వారిలో ఎవరి దగ్గరో ఈ మారిన అక్షరం ఉంది. తర్వాత రెండు వేల ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళు లోపలివారితోనే జరిగాయి. జనాభా 30 లక్షలు దాటింది, ఆ అక్షరం కూడా వారితో పాటే పెరుగుతూ వచ్చింది.

ఇందులో వైశ్యులు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలోని కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ తమ సహచరులతో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించారు. అందులో 81 సమూహాలు ఇలాంటి ఇరుకైన మొదలు నుంచి వచ్చినవేనని, ఆ ఇరుకు ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కనిపించే దానికన్నా ఎక్కువని 2017లో ప్రచురించారు. ఆ 81లో 14 సమూహాల జనాభా ఒక్కొక్కటీ పది లక్షలకు పైమాటే. అంటే మీ ఇంటికి, మా ఇంటికి కూడా ఇలాంటి సొంత అక్షరాలు ఉండే అవకాశం ఉంది. వైశ్యుల సంగతి ముందు తెలియడానికి కారణం ఆపరేషన్ బల్ల దగ్గర ఎవరో గమనించి రాసుకోవడమే.

ఇక్కడ తేదీలు ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైము లోపం ఎక్కువని 1979లోనే పరిశోధకులు పత్రికలో రాశారు. మారిన అక్షరం ఏదో తేలింది 2006లో. మధ్యలో 27 ఏళ్ళు. ఆ 27 ఏళ్ళూ మన మత్తు డాక్టర్లు జన్యువు సంగతి తెలియకుండానే, రోగి పక్కన రాసుకున్న నాలుగు మాటలను నమ్ముకుని ప్రాణాలు కాపాడారు. జన్యువు దొరికాక ఆ నాలుగు మాటలకు కారణం తెలిసింది. ఇప్పుడు కులం అడగనక్కర లేకుండా రక్తపరీక్షతోనే తేల్చుకునే వీలుంది. నొప్పించే ప్రశ్న స్థానంలో నొప్పించని పరీక్ష వస్తోంది. నాకు ఈ పరిశోధన మీద ఇంత మమకారం ఉండటానికి అదీ ఒక కారణం.

ఈ సభలో వ్యవసాయం తెలిసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక పోలిక చెబుతాను. ప్రతి ఊరికీ ఒక నక్షా ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎక్కడుంది, దాని హద్దులేమిటి అన్నది గీసి ఉంటుంది. ఆ నక్షాను నెల రోజులు చూసినా ఏ చేలో వరి పండిందో, ఏ చెలకలో పత్తి ఎండిపోయిందో తెలియదు. దానికి వేరే దస్తరం ఉంది. ఆంధ్ర ప్రాంతంలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. ఏ నంబరులో, ఏ ఏడు, ఎవరు, ఏ పంట వేశారన్నది అందులో ఉంటుంది. నక్షానూ అడంగల్‌నూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఊరు అర్థమవుతుంది.

మనిషి జన్యు పటం నక్షా. కేస్ షీటు అడంగల్.

ఆ నక్షాలో 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రామాణికంగా పెట్టుకున్న పటంతో పోలిస్తే మనలో ప్రతి ఒక్కరికీ 40, 50 లక్షల చోట్ల తేడాలుంటాయి. వాటిలో చాలావరకు ఏ మంచీ చెడూ చేయవు. ఏది చేస్తుందో అక్షరాలను చూసి చెప్పడం చాలాసార్లు సాధ్యం కాదు. ఆ మనిషికి ఏమైంది, ఎప్పుడైంది, ఏ మందు పనిచేసింది, తోబుట్టువుల సంగతేమిటి అన్నది పక్కన ఉండాలి. మొదటి మానవ జన్యు పటానికి 1990 నుంచి 2003 వరకు పట్టింది, దాదాపు 300 కోట్ల డాలర్లు అయింది. ఈరోజు ఒక మనిషి పటం వెయ్యి డాలర్ల లోపే తయారవుతుంది. నక్షా చవకైంది. డాక్టరు రోగి పక్కన అరగంట కూర్చుని, విని, అర్థమయ్యేలా రాసే అడంగల్ మాత్రం చవక కాలేదు. నన్నడిగితే ఇప్పుడు కరువంతా అక్కడే ఉంది.

రెండూ కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి మిమ్మల్ని డాలస్‌కు తీసుకెళ్తాను. మీలో కొందరి పిల్లలు అక్కడే ఉన్నారు. ఈ కథ ఆ ఊరి వైద్య విశ్వవిద్యాలయంలో జరిగింది. నాకు తెలిసిన వైద్య పరిశోధనల్లో ఇంత అందమైనది ఇంకోటి లేదు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

2003లో ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాలను పరిశీలించారు. వారికి చిన్న వయసు నుంచే చెడు కొలెస్టరాల్ విపరీతంగా ఉంది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో మార్పు దానికి కారణమని తేలింది. మన కాలేయ కణాల మీద చెడు కొలెస్టరాల్‌ను రక్తంలోంచి లోపలికి లాక్కునే చేతుల్లాంటివి ఉంటాయి. పీసీఎస్‌కే9 తయారుచేసే ప్రోటీను ఆ చేతులను నరికేస్తూ ఉంటుంది. ఫ్రెంచి కుటుంబాల్లో అది అతిగా పనిచేస్తోంది. చేతులు తగ్గాయి, రక్తంలో కొవ్వు పేరుకుంది.

డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ ఈ సంగతి చదివి తిరగేసి ఆలోచించారు. ఎక్కువ పనిచేస్తే కొవ్వు పెరుగుతుంటే, అసలు పనిచేయని మనుషులు ఎక్కడైనా ఉన్నారా? ఉంటే వారి రక్తంలో చెడు కొలెస్టరాల్ చాలా తక్కువగా ఉండాలి కదా. వారిని వెతకడానికి హాబ్స్ బృందం దగ్గర అప్పటికే ఒక అడంగల్ ఉంది. డాలస్ నగరవాసులను వేల సంఖ్యలో ఎంపిక చేసి, రక్తం తీసి, బరువు తూచి, గుండె స్కానింగులు చేసి, ప్రతిదీ రాసిపెట్టారు. అందులో సగం మంది నల్లజాతివారు ఉండేలా ముందే జాగ్రత్తపడ్డారు. ఈ జాగ్రత్త ఎంత విలువైనదో వెంటనే తెలిసింది. చెడు కొలెస్టరాల్ బాగా తక్కువగా ఉన్నవారి జన్యువు చదివితే, పీసీఎస్‌కే9ను పనికిరాకుండా చేసే రెండు మార్పులు కనిపించాయి. నల్లజాతివారిలో నూటికి ఇద్దరికి ఏదో ఒకటి ఉంది. తెల్లవారిలో అవి బహు అరుదు. యూరప్ మూలాలవారి రక్తంతోనే సరిపెట్టుకుని ఉంటే ఆ రెండూ కంటపడేవి కావు.

సరే, కొలెస్టరాల్ తక్కువ. దానివల్ల గుండె బాగుందా? ఈ ప్రశ్నకు డాలస్ అధ్యయనం దగ్గర జవాబు లేదు. గుండె జబ్బు వచ్చిందా లేదా అన్నది తెలియాలంటే ఏళ్ళు గడవాలి. వారు ఇంకో పాత అడంగల్ దగ్గరికి వెళ్ళారు. అమెరికాలో నాలుగు చోట్ల 1987 నుంచి నడివయసువారిని వరసగా పరీక్షిస్తూ వస్తున్న అధ్యయనం అది. అందులోని 3,363 మంది నల్లజాతివారి రక్తంలో వెతికితే 85 మందికి ఈ మార్పు ఉంది. వారి చెడు కొలెస్టరాల్ మిగతావారికన్నా 28 శాతం తక్కువ. 15 ఏళ్ళలో ఆ 85 మందిలో గుండె రక్తనాళాల జబ్బు వచ్చింది ఒక్కరికి. మార్పు లేనివారిలో దాదాపు నూటికి పది మందికి వచ్చింది. ముప్పు 88 శాతం తగ్గింది. 2006లో ఈ ఫలితం ప్రచురించారు. అదే ఏడు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ పనిచేయని 32 ఏళ్ళ ఆరోగ్యవంతురాలు ఒకామె గురించి కూడా రాశారు. ఆమె చెడు కొలెస్టరాల్ 14. మనలో చాలామందికి వందకు పైన ఉంటుంది. ఆ ప్రోటీను లేకపోయినా మనిషికి ఏ లోటూ రాదని ఆమె శరీరమే చూపించింది. దాన్ని అడ్డుకునే మందు తయారుచేయవచ్చన్న ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. 2015లో రెండు ఇంజెక్షన్లు అమెరికాలో అనుమతి పొందాయి. పుట్టుకతోనే కొలెస్టరాల్ ఎక్కువగా ఉండి మాత్రలకు లొంగని కుటుంబాలకు ఈరోజు అవి ప్రాణాధారం.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నా మనసు ఒకే చోట ఆగుతుంది. 1987లో ఆ మనుషుల బీపీ చూసి కాగితం మీద రాసుకున్న నర్సుకు పీసీఎస్‌కే9 అన్న పేరు తెలియదు. లోకంలో ఎవరికీ తెలియదు. ఎప్పుడో, ఎవరికో, దేనికో పనికొస్తుందని ఆమె సరిగా రాసింది. పిలిచినప్పుడల్లా మనుషులు వచ్చి చేయి చాపారు. 19 ఏళ్ళ తర్వాత దానికి ఫలితం దక్కింది.

ఇంకో ఉదాహరణ పసిపిల్లలది. ఆరు నెలలలోపే షుగరు బయటపడే బిడ్డలు కొందరుంటారు. పిల్లల షుగరంటే ఇన్సులినే అనుకునేవాళ్ళం. జీవితాంతం రోజూ సూదులు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో అన్నా గ్లోయిన్, ఆండ్రూ హాటర్‌స్లీ బృందం 2004లో ఈ పిల్లల్లో కొందరికి కేసీఎన్‌జే11 అనే జన్యువులో మార్పు ఉందని కనుక్కుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణానికి ఒక తలుపు ఉంది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు అది మూసుకుంటేనే ఇన్సులిన్ బయటికొస్తుంది. వీరిలో ఆ తలుపు మూసుకోవడం లేదు. లోపల ఇన్సులిన్ ఉంది, బయటికి రాదు. ఆ తలుపును మూయగలిగే మందు మనకు ఎప్పటి నుంచో తెలుసు. పెద్దల షుగరుకు వాడే చవకైన గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర. 2006లో ఇలాంటి 49 మంది రోగులకు ఆ తరగతి మాత్రలు ఇచ్చి చూస్తే 44 మంది ఇన్సులిన్ సూదులు పూర్తిగా మానేశారు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం కూడా మన దేశపు పిల్లల్లో ఈ మార్పులు గుర్తించి కొందరిని సూది నుంచి మాత్రకు మార్చింది.

అయితే ఏ బిడ్డకు ఈ పరీక్ష చేయాలో చెప్పేది ఏమిటి? కేస్ షీటులో ఒకే ఒక్క మాట. షుగరు ఏ నెలలో బయటపడింది? నాలుగో నెలలోనా, నాలుగో ఏటనా? ఆ మాట రాయకుండా “చిన్నప్పటి నుంచి షుగరు” అని వదిలేస్తే, 15 ఏళ్ళ వయసులో ఆ పిల్ల మన ముందుకు వచ్చినప్పుడు పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాదు. అలా సూదులు పొడుచుకుంటూనే ఉంటుంది.

తొందరపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మన దక్షిణాసియాలో నూటికి నలుగురికి ఎంవైబీపీసీ3 అనే గుండె కండరపు జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయని 2009లో తంగరాజ్ తదితరులు కనుక్కున్నారు. గుండె కండరం జబ్బుపడిన వారిలో అది ఎక్కువగా కనిపించింది. నూటికి నలుగురంటే మన దేశంలో ఎన్ని కోట్లో లెక్కేసుకోండి. అందరికీ గుండె జబ్బు రావడం లేదు మరి. 2020లో బ్రిటన్‌లోని పరిశోధకులు గుండె కండరం దళసరి అయ్యే జబ్బున్న వేల మంది వివరాలు మళ్ళీ పరిశీలించారు. ఆ 25 అక్షరాల లోటు ఉన్నవారిలో కొద్దిమందికి దాని పక్కనే ఇంకో మార్పు ఉంది, ఆ జబ్బు విషయంలో ముప్పు ఎక్కువగా ఆ పొరుగుదే అని తేల్చారు. మొదటివారు తప్పు చేశారని నేను అనను. వారు వేసిన బాట మీదే రెండోవారు నడిచారు. ఎక్కువమంది రోగుల వివరాలు, ఎక్కువ నిశితంగా చేరేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుంది. ఈలోగా ప్రయోగశాల రిపోర్టు ఒక్కటి చూసి ఎవరికీ భయం కలిగించకూడదు.

అమెరికాలో అలా భయపెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఇదే గుండె జబ్బుకు పరీక్ష చేయించుకున్న కొందరు నల్లజాతి కుటుంబాలకు మీ జన్యువులో దోషం ఉందని రిపోర్టు ఇచ్చారు. ఆ మార్పు నల్లజాతివారిలో మామూలుగా ఉండేదేనని తర్వాత తెలిసింది. పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో నల్లజాతివారు తగినంతమంది లేకపోవడమే పొరపాటుకు మూలమని 2016లో హార్వర్డ్ పరిశోధకులు రాశారు. తెలుగువారి రక్తాన్ని లండన్‌వారి పటంతో పోల్చి తీర్పు చెబితే మనకూ ఇదే గతి పడుతుంది.

అందుకే మన దేశపు పటం మనకు కావాలి. జీనోమ్ ఇండియా పథకంలో 10,000 మంది భారతీయుల జన్యు పటాలు తయారయ్యాయి. వాటిని ఫరీదాబాద్‌లోని కేంద్రంలో భద్రపరిచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇది నిజంగా గర్వించాల్సిన పని. ఎత్తు, బరువు, కొన్ని రక్తపరీక్షల వివరాలు కూడా సేకరించారు. ఐతే అది ఒక్క రోజు తీసిన ఫొటో లాంటిది. బ్రిటన్‌వారు 2006 నుంచి 2010 వరకు 40 నుంచి 69 ఏళ్ళ వయసున్న 5 లక్షల మందిని చేర్చుకుని, వారి ఆసుపత్రి రికార్డులతో ముడిపెట్టి ఇప్పటికీ వెంట నడుస్తున్నారు. ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు వచ్చిందో, ఎవరు ఎలా పోయారో ఆ దస్తరంలోకి చేరుతూనే ఉంటుంది. 2023 చివరికి ఆ 5 లక్షల మంది పూర్తి పటాలూ సిద్ధమయ్యాయి. నక్షా పక్కన నడుస్తున్న అడంగల్ అంటే అదీ. మనకూ ఒక మనిషి ఆరోగ్య రికార్డులన్నిటినీ ముడిపెట్టే 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. నంబరు రావడం మంచిదే, దాని కింద ఏం రాసి ఉందన్నదే నా బెంగ.

మన ఓపీ చీటీలు చూడండి. పైన పేరు, వయసు. కింద “జ్వరం, వారం రోజులు”. తర్వాత మందులు. ఆ డాక్టరును నేను తప్పుపట్టడం లేదు, బయట వరసలో ఇంకా వంద మంది నిలబడి ఉంటారు. వార్డు కేస్ షీట్లకు వస్తే, వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం మూడేళ్ళు దాచాలి. వంశంలో వచ్చే జబ్బు మూడేళ్ళ లెక్క చూసుకోదు. అక్కకు వచ్చింది తమ్ముడికి ఆరేళ్ళ తర్వాత వస్తుంది. అప్పటికి అక్క కాగితాలు ఉండవు.

కొన్నేళ్ళ కిందట ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. మేనరికం. ఆ అమ్మాయికి ఐదో నెల. మొదటి బిడ్డ పుట్టిన రెండు వారాలకు పాలు మానేసి, మగతలోకి జారి, ఫిట్స్ వచ్చి పోయింది. చేతిలో ఒకే ఒక్క కాగితం. “రక్తంలో ఇన్ఫెక్షన్” అని ఉంది. కేస్ షీటు కోసం ఆ ఆసుపత్రికి మనిషిని పంపిస్తే పాతవి తీసేశామన్నారు. బిడ్డ రక్తం ఎవరూ దాచలేదు. తల్లిదండ్రుల జన్యువులు పరీక్షించాం. ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒకే మార్పు కనిపించింది, ఇంకా చాలా మార్పులు కూడా కనిపించాయి. ఆ ఒక్కదాని పక్కన “అర్థం తేలలేదు” అని ప్రయోగశాలవారు రాశారు. అంతకుముందు ఎక్కడా నమోదు కాని మార్పు అది. నేను ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ ఒక మాట అంది: “బిడ్డ బట్టలు ఎన్నిసార్లు ఉతికినా బెల్లం పాకం మాడిన వాసన వచ్చేదండీ. మా అత్తయ్య కూడా అనేది.”

1954లో అమెరికాలో జాన్ మెంకెస్ అనే వైద్యుడు ఒకే ఇంట్లో పుట్టి పసితనంలోనే పోయిన నలుగురు బిడ్డల గురించి రాశారు. వారి మూత్రానికి కాల్చిన పంచదార వాసన. లూసిన్ వంటి కొన్ని ఆమైనో ఆమ్లాలను శరీరం అరిగించుకోలేని జబ్బు అది. మా రిపోర్టులో అర్థం తేలని మార్పు ఉన్నది సరిగ్గా ఆ పని చేసే జన్యువులోనే. రెండో బిడ్డ పుట్టిన రెండో రోజే రక్తం పరీక్షించాం. లూసిన్ పెరుగుతోంది. ఆ రోజు నుంచే ప్రత్యేకమైన పాలపొడి మొదలుపెట్టాం. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ జన్యు మార్పుకు ఇప్పుడు అర్థం తేలింది. ఇలాంటి మార్పుతో ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే అక్కడి డాక్టరు తడుముకోనక్కర లేదు. ఆ అర్థం యంత్రం చెప్పలేదు, ఒక తల్లి ముక్కు గుర్తుపెట్టుకుని చెప్పింది. మొదటి బిడ్డ ఉన్న రోజుల్లోనే ఎవరైనా అడిగి, ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇంతసేపూ వివరాలు ఇవ్వండి, కలపండి అన్నాను. ఎవరి చేతికి ఇస్తున్నాం అన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. రావాలి కూడా. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవాసుపాయి అనే చిన్న తెగ ఉంది. వారిలో షుగరు ఎక్కువ. 1990 ప్రాంతంలో విశ్వవిద్యాలయంవారు వచ్చి షుగరు గురించి అని చెప్పి రక్తం తీసుకున్నారు. అదే రక్తాన్ని తర్వాత మనోవ్యాధుల మీద, వారి పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్న దాని మీద పరిశోధనలకు వాడారు. తెగవారికి ఆ సంగతి చెప్పలేదు. వారు కోర్టుకు వెళ్ళారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఒకసారి నమ్మకం పోతే షుగరు పరిశోధన కూడా ఆగిపోతుంది. నష్టం మళ్ళీ ఆ తెగదే.

ఐస్‌లాండ్‌లో జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. 1998లో ఆ దేశం దాదాపు అందరి వైద్య రికార్డులనూ ఒకే చోట చేర్చడానికి చట్టం చేసింది. వద్దన్నవారు తప్ప అందరూ ఒప్పుకున్నట్లే లెక్క. ఒక విద్యార్థిని చనిపోయిన తన తండ్రి వివరాలు చేర్చవద్దని అర్జీ పెట్టింది. పోయిన మనిషి తరఫున నువ్వు కాదనలేవన్నారు అధికారులు. ఆమె సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. తండ్రి వంశపు వివరాల్లో కూతురి వివరాలు కూడా ఉంటాయి కాబట్టి కాదనే హక్కు ఆమెకు ఉందని 2003లో తీర్పు వచ్చింది. ఆ దస్తరం ఎన్నడూ తయారు కాలేదు. నేను ఈ పరిశోధనలు కావాలని గట్టిగా కోరేవాణ్ణి. అయినా ఆ అమ్మాయి పక్షమే నాది. జన్యు సమాచారం ఒక్కరి సొత్తు కాదు, ఇంటిల్లిపాదిదీ. మన దగ్గర అందరి తరఫునా ఇంటిపెద్ద సంతకం పెట్టేయడం అలవాటు. ఇక్కడ అది చాలదు. కోడలికి విడిగా చెప్పాలి, తెలుగులో చెప్పాలి, వద్దంటే ఊరుకోవాలి, వద్దన్నందుకు వైద్యంలో లోటు రాకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం 2023లో వచ్చింది. చట్టం పుస్తకంలో ఉన్న హక్కు ఓపీ కౌంటరు దగ్గరికి చేరేలా చూడాల్సింది ఆసుపత్రులు, నాలాంటి వైద్యులు.

ఇక మీతో ఒక పని. ఇంటికి వెళ్ళాక ఒక నోటు పుస్తకం తీయండి. తాతల నుంచి మనవల దాకా పేర్లు రాయండి. ఎవరికి ఏ జబ్బు, ఎన్నో ఏట మొదలైంది, ఎవరు ఏ వయసులో ఎలా పోయారు, పసితనంలో పోయిన బిడ్డలు ఎవరు, ఏ మందు పడలేదు, ఎవరికి మేనరికం. మన ఇళ్ళలో పోయిన పసిబిడ్డల గురించి మాట్లాడరు. అమ్మమ్మలను, నాయనమ్మలను మెల్లగా అడగండి, వాళ్ళకు వాసనలతో సహా గుర్తుంటాయి. డిశ్చార్జి కాగితాలు చిత్తుకాగితాలవాడికి వేయకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్ళండి. డాక్టరు తొందరలో ఉంటే కనీసం ఒక్క పేజీ చూడమని అడగండి. వైద్య విద్యార్థులు ఇక్కడ ముందు వరసలో ఉన్నారు. రేపు ఉదయం మీరు రాసే కేస్ షీటులో “చిన్నప్పటి నుంచి” అన్న మాట కొట్టేసి, ఆ స్థానంలో నెల, సంవత్సరం వేయండి.

నా సమయం అయిపోయింది. వెనక వరసలో ఆకుపచ్చ చీర కట్టుకున్న పెద్దమ్మ గారు మేనరికం మాట వచ్చినప్పటి నుంచి చేయి ఎత్తి ఉన్నారు. మైకు వారికి ఇవ్వండి. అడగండమ్మా.